కాగితం మీదికి రాని వరుస

ఇల్లు కట్టుకునేవాళ్లు చూడని కాగితం ఒకటుంటుంది. ముందు గోడ బొమ్మ చూస్తారు, మెట్లు ఎటు తిరిగాయో చూస్తారు, ఈశాన్యం మూల మీద వేలుపెట్టి మరీ చూస్తారు. ఆ డ్రాయింగుల కట్టలో అన్నిటికంటే అడుగున ఉండే పట్టిక జోలికి మాత్రం పోరు. ఏ గదిలో ఏ రాయి, ఏ గోడకు ఏ రంగు, పైకప్పుకు ఏ పూత అని గదికొక వరుస చొప్పున రాసి ఉంటుంది అందులో. ఫినిషింగ్ షెడ్యూల్ అంటారు దాన్ని. ఇంటివాళ్లు చూడకపోతేనేం, మేస్త్రి చూస్తాడు. చూసిందే చేస్తాడు. అందులో లేనిది చస్తే చెయ్యడు.

హనుమకొండ చౌరస్తా దాటాక, ఒక మందుల దుకాణం మీద, మొదటి అంతస్తులో ఆర్కిటెక్టు సారంగపాణి ఆఫీసు ఉంది. అక్కడ కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే స్వప్నకు ఈ పట్టికలంటే ప్రాణం. మిగతా చోట్ల ఇంగ్లీషులో రాసి పారేస్తారు; సగం మంది మేస్త్రులు అది చదవలేక అన్ని గోడలకూ ఒకే రంగు పూసి చేతులు దులుపుకుంటారు. తను మాత్రం తెలుగులోనే రాస్తానని పట్టుబట్టింది. అదేమన్నా సుఖమైన పనా? ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగంటే గిట్టదు. గుణింతాలు ఒక దిక్కు పోతే వత్తులు ఇంకో దిక్కు పోతాయి. దానికి పడే ఫాంటు వెతికి, అక్షరం ఎంత ఎత్తుండాలి, వరుసకూ వరుసకూ మధ్య ఎంత జాగా వదలాలి, పైన శీర్షికలు ఎంత లావుగా కనపడాలి అని ఒక్కొక్కటే సరిచేసి, ఒక అచ్చు తయారుచేసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత ఆ అచ్చును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"గోడ జర వంకరున్నా ఈమె ఊకుంటది గని, పట్టికల గీత వంకరుంటె అన్నం తినది" అని సారంగపాణి వచ్చినవాళ్లందరితో చెప్పి నవ్వేవాడు. స్వప్న తన పట్టిక తను చూసుకునేది. ఉన్నమాటే కదా.

కృపానందం వాళ్లు ఆ ఆఫీసుకు వచ్చింది మంచి ఎండల్లో. కృపానందం వర్ధన్నపేటలో హైస్కూలు లెక్కల సారు. భార్య లిదియా రోజూ బస్సెక్కి వరంగల్ వచ్చి ఒక దవాఖానలో నర్సు పని చేస్తుంది. ఒక్కతే కూతురు కీర్తన, అయిదో తరగతి పాసై ఆరులోకి వెళ్తోంది. వర్ధన్నపేటలోనే వాళ్ల సొంత ఇల్లు లేస్తోంది అప్పటికి. గోడలు కిటికీల దాకా వచ్చాయి. ఇక రాళ్లూ రంగులూ తేల్చుకోవాలి. కృపానందం పెద్ద టేబుల్ దగ్గర సారంగపాణితో సెప్టిక్ ట్యాంకు గురించి వాదులాటలో పడ్డాడు. పిల్ల వచ్చి స్వప్న పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. తల్లి వెనక నిలబడింది.

"ఆంటీ, నా గది ఏది?"

"ఆంటీ అంటే చూపియ్య. అక్క అను."

"స్వప్నక్కా, నా గది ఏది?"

"ఇగో, నాలుగో వరుస. కీర్తన గది అని రాసి ఉన్నది చూడు."

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. పిల్ల ముక్కు తెరకు ఆనేటంత దగ్గరికి పోయి చూసింది. "నా పేరు కాలు గీతకు తగుల్తాంది" అంది.

స్వప్న ముక్కున వేలేసుకుంది. నిజమే. పేరులో కిందికి దిగిన తవత్తు పోయి వరుస గీత మీద కూర్చుంది. ఇన్ని ఇళ్లకు పట్టికలు వేసింది, ఇంతమంది మేస్త్రులు చూశారు, ఒక్కరికీ కనపడలేదు. అయిదో తరగతి పిల్ల వచ్చి చెప్పాలా. "పెద్ద ఇన్‌స్పెక్టర్ వచ్చింది" అని మూతి విరిచి, వరుసల ఎత్తు జర పెంచింది. ఒక వరుస పెరిగితే ఊరుకుంటుందా? అన్నీ పెరిగాయి. పట్టిక కాగితం అంచు దాటి బయటికి పోయింది. ఇక దాన్ని లోపలికి తేవడానికి ఒక నిలువు వరుసను కుదించడం, ఇంకోదాన్ని జరపడం, శీర్షికలు మళ్లీ నడిమికి తేవడం.

ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్ల వాగుతూనే ఉంది. గోడలకు నిమ్మపండు రంగు కావాలంది. లేత నిమ్మకాయ కాదు, పండిన నిమ్మపండు. స్వప్న రంగుల కార్డు ఇస్తే వేలు పెట్టి చూపించింది. చివరి నిలువు వరుస ఖాళీగా ఎందుకుందని అడిగింది.

"అది రిమార్కులు. మేస్త్రికి ముఖ్యంగ చెప్పేదేమన్న ఉంటే అండ్ల రాస్తం."

"అయితే రాయి. ఈ గదికి పెయింటర్ రంగు వెయ్యొద్దు. డాడీనే వెయ్యాలె." అని, వెనక్కి తిరిగి గట్టిగా అంది: "డాడీ, నా గదికి నువ్వే రంగెయ్యాలె. సరేనా?"

"సరే బిడ్డా, సరే" అన్నాడు కృపానందం తల ఎత్తకుండానే. ఆయన ధ్యాసంతా ట్యాంకు మీదే ఉంది.

"ఇన్నడో లేదో" అని లిదియా నవ్వింది. "రాయి చెల్లె. ఈయన చాక్‌పీసు ఇడిసిపెట్టి బ్రష్షు పట్టుడు నాగ్గూడ చూడాలనుంది."

స్వప్న రాసింది. పిల్ల తర్వాత ఇంకా ఏదేదో చెప్పింది. కిటికీ గురించో, మంచం గురించో. స్వప్న "ఊఁ, ఊఁ" అంటూ గీతలు సరిచేసుకుంటూ పోయింది. పట్టిక కాగితంలో పట్టాక ఆమెకు పానం కుదుటపడింది.

వానలు మొదలయ్యాయి. వర్ధన్నపేటలో ఇంటింటా జ్వరాలే ఆ ఏడు. కీర్తనకు జ్వరం వస్తే మామూలు జ్వరమే అనుకున్నారు. డెంగీ అని తేలేసరికి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఎంతమంది పిల్లలకు సెలైన్లు ఎక్కించిందో లెక్కలేని చెయ్యి లిదియాది. తన బిడ్డ మంచం దగ్గర ఆ చేతికి చేసేదేమీ లేకుండా పోయింది. నూరేళ్లు బతకాల్సిన పిల్ల, తల్లి కళ్లముందే పోయింది.

పిల్ల పోయాక పెట్టిన ఆదరణ కూడికకు స్వప్న వెళ్లింది. అద్దె ఇంటి ముందు షామియానా కింద వెనక కుర్చీలో కూర్చుంది. ఆడవాళ్లు పాటలు పాడుతూ ఏడుస్తున్నారు. లిదియా ఏడవలేదు. ఎవరు పలకరించినా చూసేది, అంతే. కృపానందం మాత్రం వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ, నీళ్లు ఇస్తూ ఒక్కచోట నిలవలేదు. మనిషికి ఏమన్నా పట్టిందా లేదా అని వెనక ఎవరో అనుకుంటుంటే స్వప్నకు ఒళ్లు మండింది. ఏడ్చినవాళ్లకే దుఃఖం ఉన్నట్టు మాట్లాడతారు జనం.

ఇంటి పని ఆగిపోయింది. గోడలు ఎక్కడివక్కడ వానకు తడిశాయి. ఆ ఏడు క్రిస్మస్‌కు వాళ్లింటి ముందు నక్షత్రం కట్టలేదని సారంగపాణి చెబితే తెలిసింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక మధ్యాహ్నం కృపానందం ఒక్కడే ఆఫీసుకు వచ్చాడు. సగమైపోయాడు. చొక్కా ఆయనది కానట్టు వేలాడుతోంది.

"స్వప్నమ్మా, పని మళ్ల మొదలువెడ్తాన. మొండయ్య మేస్త్రికి రాళ్లు, రంగుల కాగితం కావాల్నట. కింద ఆటోల కూసున్నడు. ఇప్పుడే కావాలె."

"తీసిస్త సార్. తయారుగనే ఉన్నది."

"అండ్ల ఒకటి మార్చాలె." ఆయన టేబుల్ అంచు పట్టుకున్నాడు. "ఆ గది పేరు తీసెయ్యి. గెస్ట్ రూమ్ అని పెట్టు. రంగు గూడ అన్నిటికి వేసే రంగే."

స్వప్న కుర్చీ ఆయన వైపు తిప్పింది. "మేడంను ఒకసారి అడిగిండ్రా సార్?" అంది నెమ్మదిగా.

"ఏమడుగాలమ్మా. నాతోటి మాట్లాడుతలేదు. అన్నం పెడ్తది, లోపలికి పోతది. ఆ అద్దె ఇంట్ల ఏ మూల చూసినా పొల్ల బట్టలు, పొల్ల పుస్తకాలు. ఆమె ఆ మూలలకెల్లి కదుల్తలేదు. కొత్త ఇంట్లకన్న పోతే జర మనిషైతదేమో. అక్కడ గూడ ఆ పేరే ఎదురైతే ఎట్ల? ఏం చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు. అన్ని కొట్టేసుకుంట పోతాన." అని బయటి గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

స్వప్న పట్టిక తెరిచింది. నాలుగో వరుస. కీర్తన గది, నిమ్మపండు పసుపు, పెయింటర్ వెయ్యొద్దు, డాడీనే వెయ్యాలె. పేరు కింది తవత్తుకు గీత తగలడం లేదు. పిల్ల చెప్పిందని పెంచిన జాగా అలాగే ఉంది. పేరు మీద నొక్కింది. తుడిచేసి గెస్ట్ రూమ్ అని కొట్టడానికి ఎంతసేపు? చిన్నపిల్లలు చేసే పని. చెయ్యాడలేదు ఆమెకు. వేలు మీట మీద పెట్టడం, తీయడం. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి.

"స్వప్నా, అయిందా?" అని లోపలి నుంచి సారంగపాణి.

"అయితాంది సార్."

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సంగతి ఉంది. తెర నల్లగా ఉంటుంది కాబట్టి అక్షరాలు తెల్లగా కనపడతాయి. కాగితం మీద అవే నల్లగా వస్తాయి. కానీ అదే తెలుపులా కనపడే ఇంకో తెలుపు కూడా ఉంది. అది కాగితం మీద కూడా తెలుపే. అంటే తెర మీద ఉంటుంది, కాగితం మీదికి రాదు. గీసేవాళ్లు తమకోసం రాసుకునే గుర్తులకు వాడుకుంటారు దాన్ని. స్వప్న ఆ వరుస మొత్తానికీ ఆ తెలుపు పెట్టింది. పెట్టి, ప్రింటు కొట్టింది. అన్ని గదులూ వచ్చాయి. నాలుగో వరుసలో గీతలు వచ్చాయి, మధ్యలో ఏమీ రాలేదు.

సారంగపాణి సంతకం పెడుతూ ఆగాడు. "ఇదేంది, ఖాళీ ఉన్నది?"

"ఆ గదికి ఇంకా ఏదీ ఖాయం కాలే సార్. ఖాయమైనంక పంపిస్త" అంది. అబద్ధమే. సాయంత్రంలోగా గుండె రాయి చేసుకుని గెస్ట్ రూమ్ అని కొట్టి, ఆ ఒక్క కాగితం మళ్లీ పంపుదామనుకుంది. కృపానందం కట్ట అందుకుని, విప్పి కూడా చూడకుండా కిందికి దిగిపోయాడు.

సాయంత్రం కాలేదు. మర్నాడూ కాలేదు. మర్చిపోయిందంటే ఒప్పుకోవద్దు; రోజూ గుర్తొచ్చేది, రోజూ వాయిదా వేసేది. ఖాళీ వరుస చూసి మొండయ్య ఫోన్ చేస్తాడులే, అప్పుడు చెబుదాంలే అనుకుంది. మొండయ్య ఫోన్ చెయ్యలేదు. కృపానందం సారే నోటితో చెప్పి ఉంటాడనుకుంది. మనసుకు నచ్చజెప్పుకోవాలంటే ఎన్ని దారులైనా దొరుకుతాయి.

ఈస్టర్ అయిన వారానికి గృహప్రవేశం కార్డు వచ్చింది. సారంగపాణికి వేరే పనుంటే స్వప్న ఒక్కతే ఖమ్మం రోడ్డు మీద బస్సెక్కి వర్ధన్నపేటలో దిగింది.

ఇల్లు బాగా వచ్చింది. నేల రాయిలో మొహం చూసుకోవచ్చు. వాకిట్లో బగారన్నం వాసన. పాస్టర్ శామ్యూల్ గారు ముందు హాల్లో నిలబడి ప్రార్థన చేశారు. ఆ తర్వాత వాడుక ప్రకారం గదిగదికీ వెళ్లి, ఆ గదిలో ఉండబోయేవాళ్ల పేరు చెప్పి, నాలుగు మాటలు ప్రార్థించడం. జనమంతా వెనకాలే. వంటింట్లో లిదియా పేరు చెప్పారు. పడక గదిలో ఇద్దరి పేర్లూ చెప్పారు. స్వప్న కళ్లు మాత్రం హాలు చివర మూసి ఉన్న తలుపు మీదే ఉన్నాయి.

పాస్టర్ గారు ఆ తలుపు దగ్గరికి వచ్చి ఆగారు. ఏ పేరు చెప్పాలో ఆయనకూ తెలియలేదు. కృపానందం గబగబా ముందుకు వచ్చాడు.

"అది గెస్ట్ రూమ్ పాస్టర్ గారూ" అన్నాడు. అని తలుపు తోశాడు.

నేల లేదు, వట్టి కాంక్రీటు. గోడలకు సిమెంటు పూత, అంతే. రంగు లేదు, సున్నం లేదు. పైనుంచి వైరు ముక్క వేలాడుతోంది. అంత మంచి ఇంట్లో ఆ ఒక్క గదీ బూడిద రంగులో మిగిలిపోయి ఉంది.

కృపానందం గడప మీదే ఆగిపోయాడు. ఇల్లు కడుతున్నన్ని రోజులూ ఆయన స్కూలు విడిచాక వచ్చి, వాకిట్లోంచే "కాగితంల ఎట్లుంటే అట్ల చెయ్యి మొండయ్యా" అని చెప్పి పోయేవాడు. ఆ గది వైపు కాళ్లు పడేవి కావు. ఆ మాట ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

"ఏంది మొండయ్యా ఇది?" అన్నాడు.

మొండయ్య తలపాగా సర్దుకుంటూ ముందుకొచ్చాడు. ముసలాయన భయపడ్డాడు. "కాగితంల ఖాళీగ ఉండె సార్. రాయి పేరు లేదు, రంగు పేరు లేదు. నేనేమెయ్యాలె."

కృపానందం తల తిప్పి స్వప్న వైపు చూశాడు. స్వప్న ఒకడుగు ముందుకు వేసింది. "సార్, అది నేను..." అంది. ఇంతలో లిదియా మాట్లాడింది. అన్ని నెలలూ నలుగురిలో నోరు విప్పని మనిషి.

"మొండయ్యను ఏమనకుండ్రి. ఆయన నన్నడిగిండు. మేడం, ఈ గీతల ఏం లేదు, ఏం వెయ్యాలె అని కాగితం తెచ్చి చూపెట్టిండు." ఆమె గది మధ్యకు నడిచింది. కొత్త చీర అంచు దుమ్ములో పడింది. "ఆ కాగితం ముట్టుకోవాలంటే నాకు భయమైంది. ఈయన వేరే పేరు రాపిచ్చి ఉంటడు, బిడ్డ పేరు కొట్టేసి ఉంటడు అనుకున్న. చూస్తే ఏ పేరూ లేదు. అన్ని గదుల పేర్లు ఉన్నయి, ఆ ఒక్క జాగ అట్లనే ఇడిసిపెట్టిండ్రు. అప్పుడు సమజైంది నాకు. ఆ గది ముట్టుకోవద్దని మొండయ్యకు చెప్పిన."

"లిదియా" అన్నాడు కృపానందం.

"పెయింటర్ వెయ్యొద్దు, డాడీనే వెయ్యాలె అన్నది గద కీర్తన. మీరు ఆ రోజు ఇనలేదనే అనుకున్న. మీకు యాదికున్నది." ఆమె వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇన్నొద్దులు నేనొక్కదాన్నే ఏడుస్తాన అనుకున్న. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

అప్పుడు ఏడ్చింది లిదియా. భర్త చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఆ సిమెంటు నేల మీద కూలబడి, గొంతు పగిలేలా ఏడ్చింది. ఆయన నిలబడే ఉన్నాడు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని, కీర్తన పేరు చెప్పి ప్రార్థన చేశారు.

స్వప్న విస్తరి ముందు కూర్చుని, తినకుండానే లేచింది. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే కృపానందం వెనకే వచ్చాడు. తిడతాడనుకుంది. తిట్టినా పడాల్సిందే. "రేపొస్త ఆఫీసుకు" అన్నాడు, అంతే.

మర్నాడు వచ్చాడు. కుర్చీ లాక్కుని, పిల్ల ఆనాడు కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"గెస్ట్ రూమ్ అని రాయమన్న. నువ్వు రాయలే."

"తప్పయింది సార్. చెయ్యాడలే. తర్వాత సరిజేద్దామనుకున్న, అది గూడ చెయ్యలే."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఖాళీ ఉంచింది నేను కాదని లిదియాకు చెప్పాలె. రాత్రంత అదే అనుకున్న. కొట్టెయ్యమన్నోన్ని నేనే అని చెప్పాలె. చెప్పలేకపోయిన. ఎన్నొద్దులకో నా చెయ్యి పట్టుకున్నదమ్మా ఆమె. ఆ చెయ్యి ఇడిపిచ్చుకునే ధైర్యం నాకు లేదు."

స్వప్న మంచినీళ్ల సీసా ఆయన ముందుకు జరిపింది.

"ఇంకోటి అడుగుదామని వచ్చిన." ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "రంగు సంగతి. నాకు యాదికున్నదని అన్నది లిదియా. నాకు యాదికి లేదు. నేనే వెయ్యాలె అన్నదని లిదియా చెప్తేనే తెలిసింది. నా బిడ్డ ఏ రంగు అడిగిందో, ఏ మాట ఎట్ల అన్నదో నాకు తెల్వదు. ఏమన్నది కీర్తన?"

స్వప్న పట్టిక తెరిచి, తెర ఆయన వైపు తిప్పింది. నల్లటి తెర మీద నాలుగో వరుస తెల్లగా ఉంది. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"కొట్టేసినవ్ గద."

"కొట్టెయ్యలే సార్. కాగితం మీదికి రాకుండ చేసిన, అంతే. ఇక్కడ అట్లనే ఉన్నది."

ఆయన తెర మీద వేలు పెట్టి, బడిలో పిల్లలు చదివినట్టు, ఒక్కొక్క మాటకే వేలు జరుపుతూ చివరి గడి దాకా వెళ్లాడు. డాడీనే వెయ్యాలె. అక్కడ వేలు ఆగిపోయింది. కృపానందం సారు ఆ ఆఫీసులో, కింద మందుల దుకాణానికి వినపడేలా ఏడ్చాడు. సారంగపాణి తన గదిలోంచి లేచి వచ్చి, చూసి, వెనక్కి పోయాడు.

స్వప్న ఆ వరుస రంగు మార్చింది. అంతే చేసింది, ఒక్క అక్షరం కొట్టాల్సిన పని పడలేదు. ప్రింటు తీసి చేతికిచ్చింది. రంగుల కార్డులో నిమ్మపండు పసుపు నంబరు చూసి కాగితం వెనక రాసిచ్చింది. ఆయన ఈసారి కాగితం మడవకుండా గుండెకు ఆనించి పట్టుకుని మెట్లు దిగాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం స్వప్న ఇంట్లో అన్నం తిని పడుకుంటే ఫోన్ మోగింది.

"స్వప్నమ్మా, కృపానందం. చర్చికి పోయొచ్చి రంగు మొదలువెట్టిన. రెండు గోడలైనయి. మంచిగొస్తలేదు, చారలు చారలొస్తానయి. మొండయ్య వచ్చి సరిజేస్తనంటే లిదియా ముట్టనిస్తలేదు."

"ఉండనియ్యుండ్రి సార్. గట్లనే బాగుంటది."

"ఊఁ." గోడ మీద బ్రష్షు నడుస్తున్న చప్పుడు వినపడుతోంది. వెనక లిదియా ఏదో అంటోంది. ఆయన కొంచెం పక్కకు జరిగినట్టున్నాడు, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, ఇంకేమన్న చెప్పిందా కీర్తన, ఆ రోజు? కాగితంల రాయనిది ఏమన్న ఉంటే చెప్పు. ఏదైనా సరే. లిదియాకు గూడ అంతకు మించి యాదికి లేదట."

స్వప్న లేచి కూర్చుంది. కళ్లు మూసుకుని వెతికింది. స్టూలు మీద కాళ్లు ఊపుకుంటూ పిల్ల. కిటికీ అంది. కిటికీ దగ్గర ఏదో పెట్టాలంది. మంచం గురించి ఏదో అంది, చాలాసేపు అంది. మాటలు లేవు, గొంతు మాత్రం ఉంది. ఏదో ఒకటి కల్పించి చెబితే పోతుంది. కిటికీ దగ్గర కుండీ పెట్టమంది అంటే రేపే పెడతాడు, ఇద్దరూ రోజూ నీళ్లు పోసుకుంటారు. నోటి దాకా వచ్చింది ఆ మాట. కానీ వాళ్ల బిడ్డ మాటను తను పుట్టించకూడదు.

"చెప్పింది సార్. శానా చెప్పింది. కిటికీ గురించి ఏదో, మంచం గురించి ఏదో." ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "నేను గీతలు సరిజేసుకుంట కూసున్న సార్. ఇనలే."

అవతల బ్రష్షు చప్పుడు ఆగింది.

"నేను గూడ ఇనలే గదమ్మా" అన్నాడు కృపానందం. తర్వాత, "ఉంటనమ్మా. కిటికీ గోడ మిగిలింది, లిదియా పిలుస్తాంది" అని ఫోన్ పెట్టేశాడు.